ఇంట్లో చిన్న కాఫీ గోష్ఠులు: వచ్చినవారి దగ్గర డబ్బు తీసుకోవడం ఎలా?

రెండో డికాక్షన్ (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంది. హాలును ఆనుకుని తూర్పు వైపు బాల్కనీ ఉంది. కుర్చీలు సర్దితే ఎనిమిది మంది ఇరుకు లేకుండా కూర్చోవచ్చు. పిల్లలిద్దరూ వేరే ఊళ్లలో ఉన్నారు. మావారి పింఛనుతో ఇల్లు గడిచిపోతుంది కానీ మందులకూ అపార్ట్‌మెంటు మెయింటెనెన్సుకూ కలిపి నెలకు ఐదారు వేలు అదనంగా వస్తే చేయి కాస్త ఆడుతుంది. నాకు బాగా చేతనైన పని కాఫీ కలపడం. మా ఇంటి కాఫీ తాగినవారు మళ్లీ వస్తామంటారు. ఆ మాటను నమ్ముకుని, గత నెలలో ఒక శనివారం సాయంత్రం ఏడుగురిని పిలిచి, కాఫీ, రెండు రకాల ఫలహారాలు, గంటన్నర కబుర్లతో మొదటి గోష్ఠి పెట్టాను.

కబుర్లు బాగానే సాగాయి. చిక్కంతా డబ్బు దగ్గరే వచ్చింది. ధర చెప్పడానికి మొహమాటపడి, "మీకు తోచినంత ఇవ్వండి" అని ఫోనులో చెప్పాను. వచ్చినవారిలో ఒకరు డబరా కింద ఐదు వందల నోటు పెట్టి వెళ్లారు. ఇద్దరు అరటిపళ్లు తెచ్చారు. ఒకరు వంద రూపాయలు టీపాయి మీద పెట్టారు. మరో ఇద్దరు "ఈసారి మా ఇంటికి రావాలి" అని మనస్ఫూర్తిగా పిలిచి వెళ్లారు. అన్నిటికంటే ఇబ్బంది గుమ్మం దగ్గర ఎదురైంది. బొట్టు పెడుతున్న నా చేతిలో ఒకావిడ నోటు పెట్టబోతే, నా నోటి వెంట అలవాటుగా "అయ్యో, ఎందుకండీ, వద్దు" అన్న మాట వచ్చేసింది. ఆవిడ నిజంగానే వెనక్కి తీసుకున్నారు! నాకు అయిన ఖర్చు దాదాపు తొమ్మిది వందలు, వచ్చింది ఆరు వందలు, రెండు డజన్ల అరటిపళ్లు.

ఇవి చాలవన్నట్టు, కొత్తగా కొన్న పెద్ద ఫిల్టరులో డికాక్షన్ దిగలేదు. నలభై నిమిషాలు అందరూ ఖాళీ గ్లాసుల ముందు కూర్చున్నారు. ఈ పనిని పద్ధతిగా చేయాలంటే ధర ఎంత పెట్టాలో, దాన్ని ఎలా అడగాలో, ఏ అనుమతులు తీసుకోవాలో, ఇరుగుపొరుగుతో ఎలా మెలగాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తార్నాక తాతయ్య (హైదరాబాద్)

అమ్మా, మీ ఉద్దేశం మంచిదే కానీ నా సందేహం ఒకటి చెబుతాను. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లు, కాఫీ ఇచ్చి డబ్బు తీసుకోవడం మన ఇళ్లలో ఎన్నడూ లేదు. హోటలుకు వెళ్లినవాడు కాఫీ బాగాలేకపోతే మొహం మీదే చెబుతాడు, బాగుంటే బిల్లు కట్టి వెళ్తాడు, ఇద్దరికీ బాధ లేదు. ఇంట్లో కూర్చున్నవాడు బాగాలేదని చెప్పలేడు. చెప్పలేనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం న్యాయమేనా? మీకు అడగడానికి నోరు రాకపోవడంలో కూడా ఒక అర్థం ఉన్నదేమో ఆలోచించండి.

కొత్తపేట కోడలు (గుంటూరు)

తాతయ్య గారి మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మన ఇళ్లలో ఎన్నడూ లేదనడం సరి కాదు. పూటకూళ్ల ఇల్లు మనదే కదా! కోర్టు పని మీద పట్నానికి వచ్చినవారు, చదువుకునే పిల్లలు, ఒంటరి గుమాస్తాలు పూటకు ఇంత అని ఇచ్చి ఒక ఇంటి వంటగది పక్కనే విస్తరి వేయించుకుని తినేవారు. ఆ ఇల్లు నడిపే పూటకూళ్లమ్మను లోకం ఎన్ని మాటలన్నా, తిన్నవాడికి తాను చుట్టమా, పూటకు డబ్బిచ్చేవాడా అన్న అనుమానం ఉండేది కాదు. పూట ధర ముందే తెలుసు కాబట్టి పెట్టేవారికీ మొహమాటం లేదు. రెండో డికాక్షన్ గారి ఇంట్లో జరిగిన ఇబ్బందికి కారణం డబ్బు తీసుకోవడం కాదు, ధర చెప్పకపోవడం. "తోచినంత" అన్న మాటతో వచ్చినవారిలో సగం మంది చుట్టాలయ్యారు, సగం మంది ఖాతాదారులయ్యారు, తాము ఏ కోవలోకి వస్తామో వారికే తెలియలేదు.

నేను ఏడాది పాటు మా మేడ మీద ఇటువంటివి నడిపాను. నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఆహ్వానం వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపేదాన్ని. అందులో తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, ఏమేమి వడ్డిస్తామో, మనిషికి ఎంతో అన్నీ ఒకేచోట ఉండేవి. డబ్బు ఫోన్‌పే ద్వారానో గూగుల్‌పే ద్వారానో గురువారం రాత్రిలోపు అందితేనే కుర్చీ ఖాయమయ్యేది. ఇంటి చిరునామా ఆ తరువాతే పంపేదాన్ని. గోష్ఠి జరిగే రోజు ఇంట్లో ఒక్క నోటు కూడా చేతులు మారేది కాదు. అందువల్ల ఆ రోజు నేను బొట్టు పెట్టినా, తాంబూలం ఇచ్చినా, అది నిజంగా బొట్టూ తాంబూలమే. ఇల్లాలి చేయీ గల్లాపెట్టె చేయీ ఒకే సాయంత్రం ఒకే చేయి కాకుండా చూసుకోండి, సగం చిక్కు తీరుతుంది.

ఇంకొక్క మాట. బంధువులను ఈ గోష్ఠులకు పిలవకండి. వారిని ఆదివారం ఉదయం ఉత్తినే పిలిచి, అదే కాఫీ ఇవ్వండి. మా పెదమామగారి కోడలిని ఒకసారి ధర చెప్పి పిలిచిన పాపానికి ఆ మాట మూడు పెళ్లిళ్ల దాకా తిరిగింది.

పద్దుపుస్తకం (విజయవాడ)

నేను పద్దులు రాసే వృత్తిలో ముప్పయ్యేళ్లు ఉన్నవాడిని కనుక లెక్కల గురించీ అనుమతుల గురించీ చెబుతాను.

ఎనిమిది మందికి రెండేసి గ్లాసుల చొప్పున పదహారు గ్లాసులు అనుకుందాం. గ్లాసుకు 120 మిల్లీలీటర్లు, అందులో డికాక్షన్ 35, పాలు 85. డికాక్షన్ మొత్తం 560 మిల్లీలీటర్లు కావాలి. దానికి పొడి సుమారు 150 గ్రాములు పడుతుంది. కిలో 900 రూపాయల పొడి అయితే 135 రూపాయలు. పాలు లీటరున్నర లోపే సరిపోతాయి కానీ పొంగిపోయేవీ మీగడ కట్టేవీ కలుపుకుని రెండు లీటర్లు తీసుకోండి, 145 రూపాయలు. చక్కెర 20, ఫలహారాలు మనిషికి 40 చొప్పున 320, కరెంటు లేదా గ్యాసు 30, పనిమనిషికి అదనంగా 200. మొత్తం 850. మనిషికి 250 పెడితే 2000 వస్తాయి, మిగులు 1150. నెలకు నాలుగు శనివారాలు ఎనిమిది కుర్చీలూ నిండితే 4600 మిగులుతాయి. ఒక్కొక్క గోష్ఠికీ బజారు, వంట, గోష్ఠి, అంట్లు, ఇల్లు సర్దడం అన్నీ కలిపి మీకు ఆరు గంటలు పడతాయి కనుక గంటకు 190 రూపాయల చిల్లర. ఆ మొత్తం మీ మెయింటెనెన్సుకూ కొంత మందులకూ సరిపోతుంది. అంతకు మించి ఆశ పెట్టుకుని కొత్త సోఫా కొనకండి.

ఇక అనుమతులు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఇంటి వంటగదిలో తయారు చేసి అమ్మినా అది ఆహార వ్యాపారమే. టర్నోవరు తక్కువగా ఉన్న చిన్న వ్యాపారులకు లైసెన్సు అక్కరలేదు కానీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషను ఉండాలి. మా అమ్మాయి 2022లో పచ్చళ్ల కోసం ఆ సంస్థ వారి ఫాస్కాస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేసినప్పుడు ఏడాదికి 100 రూపాయలు కట్టింది. ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా ఆధారం అడిగారు, పద్నాలుగు అంకెల నంబరు వచ్చింది. ఆ పత్రాన్ని హాలులో కనబడే చోట పెట్టండి. ధర అడగడానికి మొహమాటపడేవారికి అదొక ఆసరాగా కూడా ఉంటుంది.

ఎవరూ పట్టించుకోని విషయం గ్యాసు. మన ఇళ్లకు వచ్చే 14.2 కిలోల సిలిండరు ఇంటి వాడకానికి మాత్రమే. అమ్మకానికి వండేటప్పుడు దాన్ని వాడకూడదని 2000 నాటి ఎల్పీజీ ఉత్తర్వు అంటుంది, వాణిజ్య సిలిండరు తీసుకోవాలి. నెలకు నాలుగు సాయంత్రాల కాఫీ కోసం వాణిజ్య కనెక్షను తీసుకోవడం తలకు మించిన భారం. గోష్ఠి రోజున పాలు, నీళ్లు ఇండక్షన్ పొయ్యి మీద కాచుకోవడం తేలిక. అయితే కరెంటుకూ అదే మాట వర్తిస్తుంది. గృహ వినియోగానికి ఒక కేటగిరీ, వాణిజ్యానికి మరొక కేటగిరీ ఉన్నాయి. బయట బోర్డు పెట్టి రోజూ నడిపితే మీటరు మార్చమని అడిగే అవకాశం ఉంది కనుక బోర్డు జోలికి పోకండి.

సేవల వ్యాపారంలో 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషను. మీరు ఆ దరిదాపుల్లోకి రారు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఈ ఆదాయాన్ని తప్పక చూపించాలి. పన్ను పడకపోయినా సరే చూపించండి. బ్యాంకు ఖాతాలో వారం వారం ఎనిమిది జమలు పడుతున్నప్పుడు దానికి మీ దగ్గర ఒక నోటుబుక్కు ఉండడం క్షేమం.

రెండో డికాక్షన్ (విశాఖపట్నం)

ఇంత వివరంగా రాసిన పద్దుపుస్తకం గారికి కృతజ్ఞతలు. గ్యాసు విషయం నాకు బొత్తిగా తెలియదు. గంటకు 190 అన్న లెక్క చదివి మావారు నవ్వారు కానీ, నాకు అది తక్కువగా అనిపించలేదు. ఇంతకాలం ఇదే పనికి సున్నా వచ్చేది కదా!

ఫిల్టరు సంగతి ఎవరైనా చెప్పగలరా? ఇంట్లో ఇద్దరి కోసం వాడే చిన్న ఇత్తడి ఫిల్టరులో ఏనాడూ ఆగలేదు. పెద్ద స్టీలు ఫిల్టరు కొని, ఎప్పుడూ కొనే 60:40 పొడినే దుకాణంలో ఇంకాస్త మెత్తగా పట్టించి వేశాను. మెత్తగా ఉంటే డికాక్షన్ చిక్కగా దిగుతుందని అనుకున్నాను.

మిరియాల తీగ (పాడేరు)

మీ ఫిల్టరు ఎందుకు ఆగిందో మీ చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. 60:40 అంటే నూటికి నలభై పాళ్లు చికోరీ. చికోరీ కాఫీ గింజ కాదు, వేయించి పొడి చేసిన ఒక వేరు. నీళ్లు తగలగానే అది ఉబ్బి మెత్తబడి జిగురుగా మారుతుంది. చిన్న ఫిల్టరులో పొడి మందం తక్కువ కనుక నీళ్లు ఎలాగో దారి చేసుకుంటాయి. పెద్ద ఫిల్టరులో మూడు అంగుళాల మందాన మెత్తటి పొడి వేసి, పైన పళ్లేన్ని గట్టిగా ఒత్తితే అది అడుసులా బిగుసుకుంటుంది. పొడి రవ్వ కంటే కొంచెం సన్నగా, వేళ్ల మధ్య గరుకు తెలిసేలా ఉండాలి. ఎనిమిది మందికి ఒక పెద్ద ఫిల్టరు కంటే రెండు మధ్యరకం ఫిల్టర్లు నయం. పొడి వేశాక ఫిల్టరు పక్కన రెండుసార్లు తట్టి సమం చేసి, పళ్లెం ఊరికే ఆనించండి. మొదట నాలుగు చెంచాల వేడినీళ్లు చుట్టూ పోసి అర నిమిషం ఆగి, పొడి ఒకసారి ఉబ్బిన తరువాత మిగతా నీళ్లు పోయండి. 150 గ్రాముల పొడికి 850 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే పొడి తాను తాగినంత తాగి 550 దాకా దింపుతుంది. పద్దుపుస్తకం గారి లెక్కకు అది సరిపోతుంది.

అతిథులు వచ్చే వేళకు ముప్పావుగంట ముందు నీళ్లు పోయండి. ముందురోజు రాత్రి దింపిన డికాక్షన్‌కు చేదు మిగులుతుంది, వాసన మిగలదు. చల్లబడితే పొయ్యి మీద పెట్టి మరిగించకండి. వేడినీళ్ల గిన్నెలో డికాక్షన్ గిన్నెను ఉంచితే చాలు. పాలు మాత్రం అప్పటికప్పుడు పొంగించినవే కావాలి. రెండోసారి కాచిన పాల రుచి నాలుక వెంటనే పట్టేస్తుంది.

ఇక గోష్ఠి గురించి ఒక సలహా. మనిషికి 250 ఇచ్చి వచ్చినవారు రెండు గ్లాసుల కాఫీ కోసం రారు, అదే కాఫీ వీధి చివర చవకగా దొరుకుతుంది. మీ ఇంట్లో తప్ప దొరకనిది ఏదో ఒకటి ఉండాలి. మాది కాఫీ పండించే కుటుంబం కనుక నాకు తోచింది చెబుతాను. ఒకే సాయంత్రం మూడు డికాక్షన్లు దింపండి: ఒకటి చికోరీ లేని అరకు అరబికా (కాఫీలో ఒక రకం), ఒకటి 80:20, మరొకటి మీ 60:40. గ్లాసుల అడుగున ఒకటి, రెండు, మూడు అని చీటీలు అంటించి, ముందు పాలు లేకుండా రెండేసి చెంచాలు, తరువాత పాలతో అరగ్లాసు చొప్పున ఇవ్వండి. ఏది ఏదో చెప్పకండి. చికోరీ ఉన్నదే చిక్కగా, నల్లగా కనిపిస్తుంది కనుక చాలామంది దాన్నే "అసలైన కాఫీ" అని గుర్తిస్తారు. పాలు లేకుండా తాగినప్పుడు మాత్రం అరబికాలోని పండు పులుపు బయటపడుతుంది. ఆ తరువాత గంటసేపు మీరు మాట్లాడించనక్కరలేదు, వాదన దానంతటదే నడుస్తుంది. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్న నిబంధన ఉంది. ఎంతెంత పాళ్లలో ఉన్నదో పొట్లం మీద అచ్చువేయాలి. పొట్లాలు తెచ్చి చివర చూపించండి.

మీరు విశాఖలో ఉన్నారు కనుక ఇంకొక సౌలభ్యం ఉంది. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మీ ఊళ్లోనే ఉంది, వారి దుకాణాలలో అరకు కాఫీ పొడి దొరుకుతుంది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు పంటకే ఆ పేరు చెల్లేలా ఇచ్చే గుర్తింపు) వచ్చింది. కూర్గు, చిక్కమగళూరు, బాబాబుడన్ గిరి అరబికాలూ వయనాడులో పండే మరో కాఫీ రకం రొబస్టా కూడా ఆ ఏడాదే ఆ గుర్తింపు పొందాయి. మా కొండల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకుని మిరియాల తీగలు ఉంటాయి. పండు కోత నవంబరులో మొదలవుతుంది. మామూలుగా పండులో రెండు గింజలు ఒకదానికొకటి బల్లపరుపు వైపు ఆనుకుని ఉంటాయి. ఎక్కడో ఒక పండులో ఒకటే గింజ గుండ్రంగా ఎదుగుతుంది. దాన్ని విడిగా ఏరి పీబెర్రీ పేరుతో అమ్ముతారు. గుప్పెడు పచ్చి గింజలు ఒక పళ్లెంలో పోసి అతిథుల మధ్య పెట్టి, గుండ్రటి గింజను వెతకమనండి. అరవయ్యేళ్లవారు కూడా చిన్నపిల్లల్లా వెతుకుతారు. మా ఇంటికి వచ్చిన చుట్టాల దగ్గర నేను చూశాను.

ఒకే ఒక టీ (రాజమహేంద్రవరం)

కాఫీ తాగనివారిని కూడా దయతో గుర్తుంచుకోండి. భార్య వెంట వచ్చిన నాలాంటివాడు గంటన్నర మంచినీళ్లతో కూర్చోవలసి వస్తుంది.

కొత్తపేట కోడలు (గుంటూరు)

టీ గారి మాట నిజమే. సాయంత్రం ఆరు తరువాత కాఫీ తాగితే నిద్ర పట్టని పెద్దవాళ్ల కోసం నేను అల్లం, ధనియాలు, బెల్లం వేసిన కషాయం ఒక ఫ్లాస్కులో ఉంచేదాన్ని. పైసా ఖర్చు ఎక్కువ కాదు. ఆహ్వానంలోనే "కాఫీ తాగనివారికి కషాయం ఉంటుంది" అని రాస్తే సరిపోతుంది.

మిరియాల తీగ గారి మూడు డికాక్షన్ల ఆలోచన నాకు ఏడాది కిందట తట్టి ఉంటే బాగుండేది. నేను ప్రతిసారీ ఫలహారాల రకాలు పెంచుకుంటూ పోయాను. పెసరపుణుకులు, మైసూరుపాకం, చివరికి ఉప్మా పెసరట్టు. మనిషికి 40 రూపాయలని మొదలుపెట్టింది 110 అయింది. అతిథులు కాఫీ సంగతి మరిచి టిఫిను సంగతి మాట్లాడసాగారు. ఫలహారం ఒకటి ఉప్పగా, ఒకటి తియ్యగా, రెండూ ముందురోజు చేసి డబ్బాలో పెట్టగలిగినవి అయి ఉండాలి. జంతికలు, సున్నుండలు చాలు. వేయిస్తూ నిలబడిన ఇల్లాలు గోష్ఠిలో లేనట్టే.

గేటు పుస్తకం (కాకినాడ)

నేను మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని కనుక అవతలి పక్షం నుంచి రాస్తున్నాను. మా భవనంలో ఒకరు ఇలాగే వారం వారం ఏదో శిక్షణ పెట్టారు. గొడవ శిక్షణతో రాలేదు. సెల్లార్‌లో ఒకాయన స్థలంలో అతిథి కారు పెట్టి పైకి వెళ్లిపోగా, ఆయన ఆసుపత్రికి బయలుదేరి బండి తీయలేక నిలబడవలసి వచ్చింది. ఆ తరువాతి సర్వసభ్య సమావేశంలో ఆ శిక్షణను ఆపించారు. ఆపించాలని కోరినవారిలో సగం మందికి కారు సంగతి తప్ప మరేదీ అభ్యంతరం కాదు.

కాబట్టి మొదట మీ సంఘం నియమావళి చదవండి. ఫ్లాట్లను నివాసానికి మాత్రమే వాడాలన్న నిబంధన చాలా సంఘాల నియమావళిలో ఉంటుంది. దాన్ని దాటవేయడానికి చాటుగా నడపడం కంటే కార్యదర్శికి ఒక ఉత్తరం రాసి, నెలకు ఎన్నిసార్లు, ఏ వేళల్లో, ఎంతమంది వస్తారో, మైకు ఉండదనీ, బోర్డు ఉండదనీ, బండ్లు వీధిలోనే ఆపుతారనీ తెలియజేసి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవడం మేలు. అద్దె ఇల్లయితే యజమాని సమ్మతి కూడా ఉండాలి. కాపలాదారుకు అతిథుల జాబితా ముందే ఇవ్వండి. అతనికి కూడా ఒక గ్లాసు కాఫీ కిందికి పంపండి. అది లంచం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తెలియనివారిని ఇంట్లోకి రానివ్వడం గురించి కూడా జాగ్రత్త అవసరం. మొదటి నాలుగైదు గోష్ఠులు ఇదివరకు వచ్చినవారు పరిచయం చేసినవారితోనే నడపండి. ఆ సాయంత్రం ఇంట్లో మీరు ఒక్కరే ఉండకుండా చూసుకోండి.

శాన్‌డియాగో శనివారం (కాలిఫోర్నియా)

ఇక్కడి సంగతి పోలిక కోసం చెబుతున్నాను. కాలిఫోర్నియాలో ఇంటి వంటగదిలో వండి అక్కడే వడ్డించడానికి ఒక ప్రత్యేక అనుమతి 2019 నుంచి అమల్లో ఉంది. అయితే ఏ కౌంటీ ఒప్పుకుంటే ఆ కౌంటీలోనే అది చెల్లుతుంది. రోజుకు 30 భోజనాల పరిమితి ఉంది, వంటగదిని తనిఖీ చేస్తారు, వండేవారు ఆహార భద్రత పరీక్ష రాయాలి. మా పరిచయస్థురాలు ఒకరు అదే అనుమతితో నెలకు రెండు ఆదివారాలు ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ పెడుతున్నారు. వచ్చేవారిలో తెలుగువారు సగం కూడా ఉండరు. ఆవిడ అనుభవంలో తెలుగువారు డబ్బు ముందే పంపి, వచ్చేటప్పుడు మళ్లీ ఏదో ఒకటి చేతిలో తెస్తారట. ఫ్రిజ్‌లో స్వీట్ల పెట్టెలు పేరుకుపోతున్నాయని ఆవిడ ఫిర్యాదు.

తార్నాక తాతయ్య (హైదరాబాద్)

అందరి మాటలూ చదివాను. పూటకూళ్ల ఇంటి మాట నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను, నేనే 1971లో రెండేళ్లు అటువంటి ఇంట్లో భోంచేసినవాడిని. అక్కడ పప్పులో ఉప్పు తక్కువైతే అడిగేవాళ్లం, ఆవిడ కూడా మొహమాటం లేకుండా "నీ బాకీ తీర్చి అడుగు" అనేది. కనుక నా మొదటి అభ్యంతరంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మిగతా సగం మాత్రం అలాగే ఉంది. కొత్తపేట కోడలు గారు ఏడాది నడిపి ఎందుకు మానేశారో రాయలేదు. అది తెలిస్తే రెండో డికాక్షన్ గారికి ఉపయోగపడుతుందని నా మనవి.

కొత్తపేట కోడలు (గుంటూరు)

అడిగారు కనుక దాచకుండా చెబుతాను. నష్టం వచ్చి మానలేదు. వారానికి రెండు గోష్ఠులు పెట్టాను, అక్కడే దెబ్బ తిన్నాను. శుక్రవారం నుంచి ఆదివారం దాకా హాలు మా ఇంటి హాలు కాకుండా పోయింది. మా అబ్బాయి పరీక్షల పుస్తకాలు పట్టుకుని వంటింటి గట్టు మీద చదువుకునేవాడు. మావారు ఏమీ అనేవారు కాదు, శనివారం మాత్రం ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవారు. ఒకనాడు నాకు జ్వరం వచ్చింది. ముందే డబ్బు పంపినవారు ఎనిమిది మంది ఉండడంతో, మాత్ర వేసుకుని నవ్వుతూ వడ్డించాను. ఆ రాత్రి కూర్చుని ఎవరెవరికి ఎంత తిరిగి ఇవ్వాలో లెక్క రాసుకుని, మిగిలిన రెండు వారాల డబ్బూ వాపసు పంపేశాను.

ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలంటే నెలకు రెండే పెడతాను. "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే గోష్ఠి రద్దు, డబ్బు మరునాడే వాపసు" అన్న వాక్యాన్ని ఆహ్వానంలో మొదటే రాస్తాను. అతిథి రద్దు చేసుకున్నప్పుడు ఏమి చేయాలో అందరూ రాస్తారు, ఇల్లాలు రద్దు చేసుకోవలసి వస్తే ఏమిటన్నది నేను రాయలేదు.

పద్దుపుస్తకం (విజయవాడ)

నెలకు రెండు గోష్ఠులైతే మిగులు 2300 అవుతుంది. ధర 300కు పెంచితే 3100. మూడు డికాక్షన్ల పద్ధతిలో పొడి ఖర్చు కొంత పెరుగుతుంది కనుక మూడు వేలు అనుకోండి. రెండో డికాక్షన్ గారు అనుకున్న ఐదారు వేలు దీనితో రావు, కొత్తపేట కోడలు గారి జ్వరమూ రాదు. రెండింటిలో ఏది కావాలో వారే తేల్చుకోవాలి.

రెండో డికాక్షన్ (విశాఖపట్నం)

నెలన్నర తరువాత వచ్చి రాస్తున్నందుకు మన్నించండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వచ్చింది. మా సంఘం కార్యదర్శికి ఉత్తరం ఇచ్చాను. ఆయన రెండు షరతులు పెట్టారు: రాత్రి ఎనిమిది దాటకూడదు, లిఫ్టు దగ్గర చెప్పులు గుట్టగా విడవకూడదు. నెలకు రెండు శనివారాలు, మనిషికి 300, డబ్బు గురువారంలోపు అని నిర్ణయించుకున్నాను. ఆహ్వానంలో ధర టైపు చేసి పంపే ముందు పావుగంట ఫోను పట్టుకుని కూర్చున్నాను. చివరికి మావారు నా చేతిలోంచి ఫోను తీసుకుని మీట నొక్కారు. పంపిన పది మందిలో ముగ్గురు బదులే ఇవ్వలేదు. మొదటిసారి "మా ఇంటికి రావాలి" అని పిలిచిన ఇద్దరిలో ఒకరు మాత్రం అందరికంటే ముందు డబ్బు పంపారు.

ఇప్పటికి రెండు గోష్ఠులు జరిగాయి. రెండు మధ్యరకం ఫిల్టర్లు కొన్నాను, పొడి గరుకుగా పట్టించాను, ముప్పావుగంటలో దిగింది. మూడు గ్లాసుల పరీక్షలో మొదటి రోజు ఏడుగురిలో ఐదుగురు 60:40నే స్వచ్ఛమైన కాఫీ అన్నారు. అందులో మావారు ఒకరు. ముప్పయ్యేళ్లుగా తాగుతున్నది అదే కనుక ఆయనను తప్పుపట్టలేను. అరబికాను పాలు లేకుండా చప్పరించిన ఒకావిడ "చింతపండు నీళ్లలా ఉందండీ" అని గ్లాసు పక్కన పెట్టి, పావుగంట తరువాత మళ్లీ అదే అడిగారు. పచ్చి గింజల పళ్లెంలో గుండ్రటి గింజలు నాలుగు దొరికాయి. ఒకాయన ఒక గింజను జేబులో వేసుకుని వెళ్లారు.

గుమ్మం దగ్గర బొట్టు పెడుతున్నప్పుడు ఈసారి ఎవరి చేతిలోనూ నోటు లేదు. ఒకావిడ మాత్రం అలవాటు కొద్దీ పర్సు తీయబోయి, "ఇచ్చేశాను కదూ" అని నవ్వి మూసుకున్నారు.

రెండు సాయంత్రాలకూ కలిపి 2900 మిగిలింది, నోటుబుక్కులో రాసుకున్నాను. మెయింటెనెన్సు పోను కొంత మిగిలింది. మందుల ఖర్చుకు మరేదైనా చూసుకోవాలి. రాబోయే శనివారానికి ఎనిమిది కుర్చీలలో ఆరు నిండాయి. మిగిలిన రెండు కుర్చీలలో కూర్చోవడానికి మా ఆడపడుచునూ వాళ్ల అమ్మాయినీ పిలవమని మావారు అంటున్నారు. వారిని ఆదివారం ఉదయానికి పిలిచాను, ఆ రెండు కుర్చీలూ తీసి బాల్కనీలో పెట్టాను.